నాలుగు అంగుళాల చెక్క ముక్క, మూడు శీతాకాలాలు

నా ఐస్ హాకీ స్టిక్ పై కొసన నాలుగు అంగుళాల చెక్క పొడిగింపు బిగించుకుని మూడు శీతాకాలాలైంది. కెనడాలోని ఎడ్మంటన్‌లో, పెద్దవాళ్లు సరదాగా ఆడుకునే లీగులో, ఎడమవైపు డిఫెన్స్ ఆడతాను. ముప్పై నాలుగేళ్ల వయసులో స్కేటింగ్ మొదలుపెట్టినవాడిని కాబట్టి వేగం నా బలం కాదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ ముక్క విలువంతా నెమ్మదిగా కదిలే డిఫెన్స్ ఆటగాడికే తెలుస్తుంది. అవతలి జట్టువాళ్లు ఇద్దరు పక్ (మంచు మీద జారే రబ్బరు బిళ్ల) తీసుకుని దూసుకొస్తారు. వాళ్లకూ, గోల్ కాపలా కాసే మా గోలీకీ మధ్య వెనక్కి జారుతూ నేనొక్కడినే మిగులుతాను. టూ ఆన్ వన్ అంటారు దీన్ని. మా స్థాయి ఆటలో ఇది రాని మ్యాచ్ ఉండదు. అలాంటి క్షణాల్లో ఈ చెక్క ముక్క పనికొచ్చినంతగా, వందల డాలర్లు పోసి కొన్న స్కేట్లు కూడా నాకు పనికిరాలేదు.

పొడిగింపుకు ముందు నా స్టిక్ 57 అంగుళాలు. కొన్నప్పుడు 60 ఉండేది. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. స్కేట్లు వేసుకుని నిలబడితే స్టిక్ గడ్డం దాకా రావాలని అందరూ చెప్పే లెక్కను నమ్మి మూడంగుళాలు కోయించేశాను. పక్‌ను అదుపులో పెట్టుకోవడానికి ఆ పొడవు బాగానే కుదిరింది. డిఫెన్స్‌లోకి మారాక మాత్రం ఒకే రకం గోల్ మళ్లీ మళ్లీ ఇచ్చేవాళ్లం. పక్ ఉన్నవాడు నా ఎడమ పక్కన బోర్డుల (రింక్ చుట్టూ ఉండే అడ్డుగోడ) వెంబడి వస్తాడు. రెండోవాడు నా కుడి పక్కన నేరుగా గోల్ ముందుకు పోతాడు. ఇద్దరి మధ్య దారి మూయాలంటే నేను కుడివైపు ఒక అడుగు వేయక తప్పేది కాదు. అడుగు వేసీ వేయగానే, ఖాళీ అయిన చోటులోంచి పక్ ఉన్నవాడు లోపలికి కోసుకుపోయేవాడు. అలాకాకుండా వాడి మీదికే వెళ్తే రెండోవాడికి పాస్ అందేది. గోలీ ఈ కొస నుంచి ఆ కొసకు జరిగేలోపు పక్ వలలో ఉండేది.

మా గోలీ అరవై దాటిన మనిషి. ఒక రాత్రి మ్యాచ్ అయ్యాక స్కేట్ల తాళ్లు విప్పుకుంటూ నాతో ఒక మాట అన్నారు. "పాస్ నువ్వు చూసుకో, షాట్ నేను చూసుకుంటాను. పాస్ ఆగిపోతే నా ముందు ఉండేది ఒక్కడే. ఒక్కడినైతే ఆపగలను." ఇది కొత్త సూత్రం కాదు. చిన్నపిల్లల శిక్షణలో కూడా ఇదే నేర్పుతారు. సూత్రం నాకూ తెలుసు. పాస్ వెళ్లే దారి దాకా నా స్టిక్ కింది కొసనుండే బ్లేడే అందేది కాదు.

అందుకే పొడిగింపు పెట్టించాను. స్టిక్ 61 అంగుళాలైంది. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగు అయిన నేషనల్ హాకీ లీగ్ నిబంధన 63 దాకా ఒప్పుకుంటుంది. ఆరడుగుల ఆరంగుళాలు, అంతకు మించిన ఎత్తు ఉన్నవాళ్లు ప్రత్యేక అనుమతితో 65 దాకా వాడవచ్చు. ఆ లీగులో డిఫెన్స్ ఆడిన, ఆరడుగుల తొమ్మిదంగుళాల జ్డెనో చారా పొడవాటి స్టిక్ అలాంటి అనుమతితో వచ్చిందే. నాలాంటివాడికి 61 అంటే స్టిక్ కొస ముక్కు దాటి పైకి వస్తుంది. మొదటి వారం చేతిలో గడకర్ర పట్టుకున్నట్టు ఉంది.

రెండో వారంలో దాని గుణం తెలిసింది. ఇద్దరు వస్తున్నారు. నేను వెనక్కి జారుతున్నాను. స్టిక్ పై కొసను కుడిచేత్తో పట్టుకుని, చేయి చాపి, బ్లేడును మంచుకు ఆనించి వాళ్లిద్దరి మధ్య ఖాళీలో పెట్టాను. కాళ్లు కదపలేదు. ఒంటిని కుడికి వంచలేదు. గోల్‌కు ఎదురుగా, మధ్యలోనే ఉండిపోయాను. పక్ ఉన్నవాడు పాస్ ఇవ్వబోయి, నా బ్లేడు వైపు చూసి, ఆగాడు. వాడు ఆగిన ఆ కాస్తలో మావాడు ఒకడు వెనక నుంచి వచ్చి చేరాడు. పక్ ఉన్నవాడికి ఇక షాట్ కొట్టక తప్పలేదు, గోలీ దాన్ని పొట్టకు అదుముకున్నారు. ఆ దాడి మొత్తంలో నేను పక్‌ను ముట్టుకోనేలేదు. అయినా నాకు అంత సంతృప్తి ఇచ్చిన ఆట ఇంకోటి లేదు. అంతకుముందు తొందరపడి ఎటో ఒకవైపు వెళ్లిపోయేవాడిని. చేయి అందుతుందన్న నమ్మకం వచ్చాక ఆగడం అలవాటైంది. డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టుకు ఆడి, 2012లో ఆట నుంచి తప్పుకున్న నిక్లస్ లిడ్‌స్ట్రోమ్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికి ఇచ్చే నోరిస్ ట్రోఫీని ఏడుసార్లు గెలుచుకున్నారు. ఎదుటివాడిని గుద్ది పడేయడం కన్నా స్టిక్‌ను సరైన చోట ఉంచడానికే ఆయనకు పేరు. పాత మ్యాచ్‌లలో ఆయన్ని చూసినప్పుడల్లా ఆ బ్లేడు ఎంత కదలకుండా ఉంటుందో గమనిస్తాను.

ఇక అది నన్ను వదిలేసిన రాత్రి గురించి.

మొదటి శీతాకాలం, జనవరి. బయట మైనస్ ముప్పై కన్నా తక్కువ. ఆఫీసు నుంచి నేరుగా రింక్‌కు వెళ్లాలని పొద్దున్నే సామానంతా కారు డిక్కీలో పడేశాను. స్టిక్ కూడా రోజంతా అక్కడే గడ్డకట్టింది. రాత్రి పదింబావుకు ఆట. చివరిదైన మూడో పీరియడ్‌లో మేము 3-2తో ముందున్నాం. మా కుడి డిఫెన్స్ ఆటగాడు పక్‌ను అవతలి జట్టు వైపున్న నీలి గీత (బ్లూ లైన్) దగ్గరే ఆపాలని ముందుకెళ్లి తప్పాడు. ఇద్దరు నా మీదికి వచ్చారు. నేను చేయవలసినవన్నీ సరిగ్గానే చేశాను. దూరం సరిపోయింది, కాళ్లు మధ్యలో ఉన్నాయి, తొందరపడలేదు. పాస్ గట్టిగా వచ్చింది. నా బ్లేడుకు తగిలింది. ఆ దెబ్బ అరచేతిలో తెలిసింది, మరుక్షణం చేయి తేలికైపోయింది. టేపు చుట్టిన చెక్క ముక్క నా గ్లవ్‌లో ఉంది. మిగతా స్టిక్ మంచు మీద తిరుగుతూ జారిపోతోంది.

పక్ అక్కడికి గజం దూరంలో ఆగింది. రెండోవాడు దాన్ని అందుకున్నాడు. నాకు తోచింది ఒక్కటే, అడ్డంగా పడిపోయాను. పక్ మోకాలి కింద ప్యాడ్‌కు తగిలి మూలకు పోయింది. గోల్ తప్పిందని లేవబోతే రిఫరీ చేయి పైకెత్తి ఉంది. విరిగిన స్టిక్‌ను వెంటనే వదిలేయాలి, వదిలేస్తే ఉత్త చేతులతో ఆడవచ్చు, పట్టుకుని ఆడితే పెనాల్టీ. ఆ ముక్క ఇంకా నా పిడికిట్లోనే ఉంది. రెండు నిమిషాలు బయట కూర్చున్నాను. ఆ రెండు నిమిషాల్లోనే వాళ్లు స్కోరు సమం చేశారు.

డ్రెస్సింగ్ రూమ్‌లో ఆ ముక్కను దీపం కిందికి పెట్టి చూశాను. షాఫ్ట్ (స్టిక్ పొడవాటి బోలు కర్ర) లోపలికి దిగే భాగం దాదాపు మొత్తం కొత్త చెక్కలా శుభ్రంగా ఉంది. ఒక్క అంచున మాత్రం పెసరగింజంత జిగురు. బిగించి ఇచ్చిన దుకాణంలో అడిగితే చలికి జిగురు పెళుసెక్కుతుందన్నారు. అది నిజమే. కానీ నాలుగు వైపులా పూసి ఉంటే ఒక్క పాస్‌కే ఊడిపోయేది కాదని నా నమ్మకం. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, ఎందుకంటే ఆ రాత్రి నేను నిజంగా బాగా ఆడాను.

తర్వాత నేనే బిగించుకున్నాను. హీట్ గన్‌తో షాఫ్ట్ కొసను మరీ కాల్చకుండా వేడి చేశాను. ముక్కకు నాలుగు పక్కలా వేడి జిగురు దట్టంగా పూసి ఒకేసారి లోపలికి దించాను. బయటికి పొంగిన జిగురు తుడిచేసి, గంటసేపు కదపకుండా ఉంచాను. ఆపైన అతుకు మీద గుడ్డ టేపు రెండు చుట్లు వేశాను. స్టిక్‌ను ఇప్పుడు డిక్కీలో వదలను, ఆఫీసులోకి తీసుకెళ్లి బల్ల వెనక ఆనిస్తాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా అది కదల్లేదు.

పైన చెప్పిన మెచ్చుకోలులో కొంత తగ్గించుకోవాల్సినదీ ఉంది. స్టిక్ పొడవైతే బ్లేడు ఒంటికి దూరంగా ఆనుతుంది, దాంతో బ్లేడు మడమ (షాఫ్ట్‌తో కలిసే వైపు) మాత్రమే మంచుకు తగిలి, దాని ముక్కు (అవతలి కొన) కాస్త పైకి లేస్తుంది. నా బ్లేడు టేపు చూస్తే తెలుస్తుంది: మడమ దగ్గర రెండు మ్యాచ్‌లకే పీలికలవుతుంది, ముక్కు దగ్గర నెల తర్వాత కూడా నల్లగా కొత్తగా ఉంటుంది. ఆ సందులోంచి రెండుసార్లు పాస్ జారిపోయింది. ఇప్పుడు చేయి చాపినప్పుడల్లా మణికట్టు తిప్పి బ్లేడును చదును చేసుకుంటాను. మూలల్లో, బోర్డుల దగ్గర ఇద్దరు ముగ్గురు కుమ్ములాడే చోట ఈ పొడవు అడ్డమే. కాళ్ల దగ్గరికి వచ్చిన పక్‌ను అందుకోవాలంటే మోచేతిని వీపు వెనక్కి తీసుకెళ్లాల్సి వస్తుంది. మొదటి నెలలో స్టిక్‌ను చీపురులా ఊపి, కాళ్లకు అడ్డం పెట్టినందుకు మూడుసార్లు పెనాల్టీ తెచ్చుకున్నాను. దాన్ని దారిలో ఉంచాలే తప్ప ఊపకూడదని అలా తెలిసింది.

పక్‌ను గాల్లోకి లేపి స్టిక్ మీదుగా దాటించేవాడి ముందు ఏ పొడవూ పనిచేయదు. రోజర్స్ ప్లేస్ స్టేడియంలో మా ఊరి జట్టు ఆయిలర్స్ మ్యాచ్ చూడటానికి వెళ్లినప్పుడు వాళ్ల ఆటగాడు లియోన్ డ్రైసైటిల్ బ్యాక్‌హ్యాండ్‌తో (బ్లేడు వెనక వైపుతో) అలాంటి పాస్ ఇచ్చాడు. అది డిఫెన్స్ ఆటగాడి బ్లేడు మీదుగా వెళ్లి అవతల మెత్తగా వాలింది. మా లీగులో ఆ పని చేయగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లు వస్తే నేను స్టిక్‌ను నమ్ముకోను, పడుకుని దారంతా ఒంటితో మూసేస్తాను. ఇక ముగ్గురు ఒక్కసారిగా వస్తే ఈ ముక్క ఉన్నా లేకున్నా తేడా లేదు, గోల్ ముందు నిలబడటమే.

నాది గుద్దుకోవడం నిషేధించిన లీగు, నా ఎత్తు తక్కువ, నా వేగం తక్కువ, నేను ఎడమ డిఫెన్స్. ఈ నాలుగూ మీకూ వర్తిస్తే నిస్సంకోచంగా ప్రయత్నించండి. ముందు వరసలో ఆడేవాళ్లయితే వద్దనే అంటాను. పిల్లల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇక్కడి మన తెలుగు కుటుంబాల్లో, ఎదిగే పిల్లలు కదా అని బడి యూనిఫారం కొన్నట్టు స్టిక్ కూడా పెద్దది కొంటున్నారు. పక్‌ను అదుపు చేయడం నేర్చుకోవాల్సిన వయసులో అది వాళ్లకు నష్టం.

ఈ అక్టోబరులో కొత్త స్టిక్ కొన్నాను. దుకాణంలో రంపం తీసి ఎక్కడికి కోయమంటారని అడిగితే అసలు కోయవద్దన్నాను. 60 అంగుళాలు అలాగే ఉంది, పొడిగింపు లేదు, అతుకు లేదు. నాలుగు మ్యాచ్‌లు ఆడాను. ఒక అంగుళం తక్కువైనట్టు ఇంకా అనిపించలేదు. పాత స్టిక్ మాత్రం బెంచి వెనక ఆనించి ఉంచుతున్నాను.