ఓఆత్ టోకెన్లతో రెండున్నరేళ్లు: నా పేచీ అంతా రిఫ్రెష్ దగ్గరే

కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లి మండీకి చిన్న ప్రోగ్రాం రాసిచ్చినా. కాటా కాగానే తక్‌పట్టీ (అమ్మకం చీటీ) వివరాలు వాళ్ల ఆన్‌లైన్ లెక్కల సర్వీసులోకి ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రాములు మాట్లాడుకునే దారిలో, పోతాయి. మొదట్లో షావుకారు పాస్‌వర్డే ప్రోగ్రాం సెట్టింగుల ఫైల్లో పెట్టి నడిపినాం. ఆయన దాన్ని మార్చినప్పుడల్లా నాకు ఫోను. ఓఆత్‌కు, అంటే పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా అనుమతి మాత్రం ఇచ్చే పద్ధతికి, మారినాక ఆ పోరు పోయింది. ఆయన ఒక్కసారి లాగిన్ అయి అనుమతిస్తే చాలు, నా ప్రోగ్రాంకు టోకెన్ అనే తాత్కాలిక తాళంచెవి వస్తుంది. నా టోకెన్‌కు బిల్లులు రాసే స్కోపు (అనుమతి హద్దు) మాత్రమే ఉంది, బ్యాంకు పద్దులు చూద్దామంటే 403, అంటే 'నీకు అనుమతి లేదు' అని వస్తుంది. టోకెన్ కూడా బేరర్ చెక్కు మాదిరే, చేతిలో ఉన్నవాడిదే. అందుకే 3600 సెకన్లకు దాని కాలం తీరిపోతుంది. అప్పుడు షావుకారును మళ్లీ అడగకుండా కొత్తది తెచ్చుకోవడానికి రిఫ్రెష్ టోకెన్ అని ఇంకొకటి ఉంటుంది. ఇంతవరకూ చానా బాగుంది.

పోయిన సీజన్‌లో సరుకు ఎక్కువై రెండో వర్కర్ (అదే ప్రోగ్రాం ఇంకో కాపీ) పెట్టినా. రెండూ ఒకే డేటాబేసులోని ఒకే టోకెన్ వాడతాయి. మూడు రోజులు సాఫీగా నడిచింది. నాలుగో పొద్దున టోకెన్ కాలం తీరి రెండింటికీ ఒకేసారి 401, అంటే 'ఈ టోకెన్ చెల్లదు' అని వచ్చింది. రెండూ అదే రిఫ్రెష్ టోకెన్ పట్టుకుని పరిగెత్తినాయి. ఈ సర్వీసులో అది ఒక్కసారికే చెల్లుతుంది. మొదటిదానికి కొత్త టోకెన్, కొత్త రిఫ్రెష్ టోకెన్ జత దొరికింది. అర సెకను వెనక రెండోది పాతదాన్నే చూపించేసరికి అవతలి సర్వరు దొంగతనం అనుకుంది. ఇద్దరిలో దొంగ ఎవరో దానికెట్ల తెలుస్తుంది? అప్పుడే ఇచ్చిన కొత్త జతను కూడా రద్దు చేసింది. లాగ్ నిండా 'ఇన్‌వాలిడ్ గ్రాంట్' (అనుమతి చెల్లదు).

ఇంక షావుకారు మళ్లీ అనుమతి ఇయ్యాల్సిందే. ఓటీపీ ఆయన ఫోనుకు వస్తుంది. ఆయనేమో తిరుమలలో దర్శనం క్యూలో ఉన్నాడు, ఫోను కౌంటర్లో ఉంది. గుమాస్తా గంటకోసారి "ఏమప్పా, ఇంగా పోవడం ల్యాదే" అంటాడు. చివరికి పాత కార్బన్ పుస్తకం దుమ్ము దులిపి తక్‌పట్టీలు చేత్తోనే రాసినాడు. సాయంత్రం ఆరు దాటినాక షావుకారు ఫోన్లో ఓటీపీ చదివినాడు, మండీ కంప్యూటర్లో గుమాస్తా కొట్టినాడు. రహస్యాలు ఎవరికీ చెప్పనక్కర్లేదని నేను పొగిడిన పద్ధతికి పట్టిన గతి అది. చేయకూడని పనే, చేసినాం.

తప్పు ఎక్కువ నాదే. కొత్త రిఫ్రెష్ టోకెన్ వస్తే పాతది పారేయమని, పాతది మళ్లీ కనబడితే దొంగతనం బయటపడుతుందని ఓఆత్ నియమాల పత్రం, 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6749లోనే ఉంది. చదివినా, బుర్రకెక్కలేదు. ఇప్పుడు డేటాబేసులో టోకెన్ ఉన్న వరసను ఒకసారికి ఒక్క వర్కరే ముట్టేట్టు తాళం వేసి, కాలం తీరడానికి ఐదు నిమిషాల ముందే టోకెన్ మారుస్తున్నా. తాళం దొరికినాక టోకెన్‌ను ఇంకోసారి చదవడం ముఖ్యం. ఈలోపల రెండో వర్కర్ మార్చేసి ఉండొచ్చు. కొత్తది డేటాబేసులో పడినాకే వాడకం.

పాస్‌వర్డ్ పోరు పోయిందన్నాను గానీ, రిఫ్రెష్ టోకెన్ మొన్నమొన్నటిదాకా నా డేటాబేసులో మామూలు అక్షరాల్లోనే పడి ఉండేది. అది పోయినా ఇంచుమించు అంతే నష్టం. ఈ మధ్యనే ఎన్‌క్రిప్ట్ చేసినా.

నాది ఒక మండీ, ఒక సర్వరు, ఒక్క మనిషి అనుమతి. ఈ మాత్రానికి పాస్‌వర్డ్‌కు వెనక్కి పోను. మనిషితో పనిలేకుండా సర్వర్లు మాట్లాడుకునే చోటైతే ఓఆత్‌లోనే ఉన్న క్లయింట్ క్రెడెన్షియల్స్ పద్ధతి (ప్రోగ్రాం తన సొంత గుర్తింపుతోనే టోకెన్ తీసుకునేది) హాయి, అందులో మామూలుగా రిఫ్రెష్ టోకెనే ఉండదు. నా సర్వీసువాళ్లు దాన్ని ఇయ్యరు, అడిగి చూసినా.