గుర్రాన్ని పోటీకి తీసుకెళ్ళిన బండి సర్వీస్: నా రివ్యూ (4/5)

హైదరాబాద్ నుంచి బెంగళూరు షోజంపింగ్‌కి (గుర్రంతో అడ్డంకులు దూకించే పోటీ) మా ఆడగుర్రాన్ని వీళ్ళ బండిలోనే తీసుకెళ్ళాం, దాదాపు 570 కిలోమీటర్లు, నేను వెనకాలే కార్లో ఉన్నా. డ్రైవర్ అన్న బంగారం అండి, ఒక్క సడన్ బ్రేక్ లేదు, మూడు నాలుగు గంటలకోసారి ఆపి నీళ్ళు పెట్టించి, తల కిందికి దించుకునేలా తాడు వదులు చేసేవాడు. ఇది చాలా ముఖ్యం, గంటల తరబడి తల పైకే కట్టేస్తే లోపల చేరిన దుమ్ము, కఫం బయటికి రాక ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ రావచ్చు. కొత్త చోటి నీళ్ళు చాలా గుర్రాలు ముట్టవు కాబట్టి ఇంటి నీళ్ళ డ్రమ్ములు రెండు ఎక్కించాం, దానికి ఎక్స్‌ట్రా అడగలేదు.

నచ్చనిది ర్యాంప్, అంటే గుర్రం బండి ఎక్కే వాలు పలక. దాని మీది మ్యాట్ అరిగిపోయి గుర్రం కాలు జారింది, నా గుండె ఆగినంత పనైంది, దయచేసి మార్చండి.

అసలు ఇలా బయటి ఊళ్ళకి తిప్పడం గుర్రానికి మంచిదేనా అని చాలామంది అడిగారు. మాది రెండేళ్ళు ఒకటే లాయం, ఒకటే గ్రౌండ్, కవర్ ఎగిరినా బెదిరిపోయేది. అందుకే మొదటి మూడు సార్లు పోటీ లేకుండా దగ్గర్లోకే, తోడుగా ఒక ముసలి గుర్రంతో తీసుకెళ్ళి ఊరికే నడిపించి, గడ్డి మేపి తెచ్చాం. ఈసారి మైకు మోతలో కూడా చెవులు నిక్కించి చూసి, మళ్ళీ గడ్డి మేయడంలో పడింది, నాకైతే మెడల్ కంటే అదే ఆనందం. కానీ మేత మానేసి చెమటలు కక్కే గుర్రాన్ని మాత్రం లాక్కెళ్ళకండి, ఆ ఒత్తిడికి కడుపులో పుండ్లు పడొచ్చు.