ఎఫ్‌ఎంజీఈ ఫార్మకాలజీ నోట్సు కొంటున్నారా? డబ్బులు కొట్టే ముందు ఇది చదవండి

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఎఫ్‌ఎంజీఈకి (విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు ఇక్కడ డాక్టరుగా చేయాలంటే పాసవ్వాల్సిన పరీక్ష) ప్రిపేర్ అవుతున్నవాళ్లకి, ముఖ్యంగా కిర్గిజ్‌స్థాన్, ఫిలిప్పీన్స్, జార్జియాల్లో మెడిసిన్ చేసి వచ్చి కోచింగ్‌కు పోకుండా ఇంట్లోనే చదువుకుంటున్నవాళ్లకి చెబుతున్నాను. నీలం అట్ట, స్పైరల్ బైండింగ్, మీద ‘లేటెస్ట్ ఎడిషన్’ స్టిక్కర్ ఉన్న ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) నోట్సు ఒకటి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దయచేసి కొనకండి.

ఆ స్టిక్కర్‌ను గోటితో గీకితే కింద 2014 అని ఉంది. పాతదైతే ఏమవుతుంది, మందులు అవే కదా అనుకోవద్దు. టీబీ చాప్టర్‌లో ఇంకా వారానికి మూడు రోజుల మందులే రాసి ఉన్నాయి. మన దేశంలో 2017లోనే రోజూ వేసుకునే పద్ధతికి మారిపోయారు. నేషనల్ లిస్ట్ ఆఫ్ ఎసెన్షియల్ మెడిసిన్స్ నుంచి 2022లో తీసేసిన రానిటిడిన్ (ఎసిడిటీ మందు) కూడా ఇందులో అలాగే ఉంది.

డోసుల పట్టిక చూశాక మాత్రం నిజంగా భయమేసింది. గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ మాత్ర 0.25 మిల్లీగ్రాములు, అంటే 250 మైక్రోగ్రాములు. ఇందులో 250 మిల్లీగ్రాములని ఉంది. థైరాయిడ్ మందు లెవోథైరాక్సిన్‌కీ అంతే, 100 మైక్రోగ్రాములు ఉండాల్సిన చోట 100 మిల్లీగ్రాములు. ఎక్కడిదో స్కాన్ చేసి మళ్లీ టైప్ కొట్టినట్టున్నారు, మైక్రో గుర్తు ఉండాల్సిన ప్రతిచోటా ‘ఎం’ పడింది. వెయ్యి రెట్ల తేడా ఇది. అందులోనూ డిగాక్సిన్ కొంచెం ఎక్కువైనా విషమయ్యే మందు.

పురుగుమందు తాగిన కేసుల పేజీ ఇంకా ఘోరం. కంటిపాప పెద్దదైతే విరుగుడు మందు అట్రోపిన్ సరిపోయినట్టేనని రాశారు. ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందు కేసులో చూడాల్సింది కంటిపాప కాదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చప్పుడు పోవాలి, గుండె వేగం 80 దాటాలి, బీపీ నిలబడాలి. పత్తి చేలున్న మన జిల్లాల్లో ఇంటర్న్‌షిప్‌కు క్యాజువాలిటీలో కూర్చుంటే ఇవి ఎదురయ్యే కేసులే. తప్పు నేర్చుకుని పోతే ఆ రాత్రి ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఆలోచించండి.

అమ్మినతనికి ఫొటోలు పంపి డబ్బులు వాపస్ అడిగితే, ‘గవన్నీ ఎవరు చూస్తరు తమ్మీ, బిట్లే కదా వచ్చేది’ అన్నాడు. మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. 300 బిట్లకు 150 వస్తేనే పాస్. నెగెటివ్ మార్కులు లేకపోయినా, ఒకటి రెండు మార్కుల్లో పోయినవాళ్ల బాధ మనందరికీ తెలుసు. ఫీజు కట్టి మళ్లీ ఆరు నెలలు ఆగాలి.

ఎవరి దగ్గర కొన్నా సరే, ముందు మూడు పేజీల ఫొటోలు అడగండి: డిగాక్సిన్ డోసు, టీబీ మందులు, ఆర్గానోఫాస్ఫేట్ విషం. పంపనంటే అక్కడితో వదిలేయండి. కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా పర్వాలేదు, ఎడిషన్ ఏ ఏడాదిదో లోపలి పేజీలో చూడండి, అట్ట మీద కాదు. టీబీ మార్గదర్శకాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫ్రీగానే దొరుకుతాయి.

ఇప్పటికే కొన్నవాళ్లు డోసుల పట్టికను ఈ రోజే పెన్నుతో కొట్టేయండి. జూనియర్లకు ఇవ్వకండి, జిరాక్స్ కూడా తీయనివ్వకండి. డబ్బులు కట్టిన స్క్రీన్‌షాట్, చాటింగ్ డిలీట్ చేయకుండా కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను కంప్లయింట్ ఇచ్చాను, మీరూ ఇవ్వండి.