గొంతు గట్టిదే, మిక్సింగే దెబ్బతీసింది: అనంతపురం అమ్మాయి తొలి పాప్ ఆల్బమ్

ఎనిమిది పాటల్లో మూడు మళ్లీ మళ్లీ వినదగ్గవి, రెండు పర్వాలేదు, మిగతావి తొందరపడి వదిలినవి.

రెండో పాట అసలు సరుకు. మూడేసి దెబ్బల తిశ్ర నడకలో నిజమైన డప్పు, వెనక ఒక్క గిటార్, అంతే. మంద్రంలో, అంటే కింది స్వరాల్లో, ఈ అమ్మాయి గొంతు నిండుగా పలుకుతుంది. ‘యాడికి పోతాండావు’ అని సాగదీసి వదిలే చోట ఊపిరి కూడా వినబడుతుంది, దాన్ని ఎడిటింగ్‌లో కోసేయకపోవడం ఎంత మంచి పనో! మన యాసను కామెడీకి కాకుండా ప్రేమకు వాడితే ఇంత అందంగా ఉంటుంది.

నాలుగో పాటతో గాడి తప్పింది. ఆభేరి రాగం ఛాయలున్న బాణీ అది, అందులో గాంధారం (గ స్వరం) ఊగాలి. అక్కడ శ్రుతిని సరిదిద్దే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్‌లో, ఎంత వేగంగా సరిదిద్దాలో చెప్పే రీట్యూన్ స్పీడ్‌ను దాదాపు సున్నాకు దించినట్టుంది. అలా పెడితే సాఫ్ట్‌వేర్ ప్రతి స్వరాన్నీ దగ్గర్లోని మెట్టుకు లాగేస్తుంది, గమకం, అంటే ఆ ఊపు, చచ్చిపోతుంది. శ్రుతి జారిన ఒకట్రెండు చోట్ల చేత్తో సరిదిద్దితే సరిపోయేది.

పాటకు చివరి మెరుగు పెట్టే మాస్టరింగ్‌లోనూ అదే తొందర. పెద్ద శబ్దాలను అణిచే లిమిటర్‌తో నొక్కేసి మోత పెంచడంతో డప్పు దెబ్బకూ మాటకూ తేడా లేకుండా పోయింది. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్ద తీవ్రత కొలత) దగ్గరికి సర్దేస్తుంది కాబట్టి ఆ మోతతో ఒరిగేదేమీ లేదు. ఇయర్‌ఫోన్స్‌లో స, ష అక్షరాలు చెవిని గీరుతున్నాయి. 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య, ఆ గీరుడును అణిచే డీఎస్సర్ పెడితే తగ్గే బాధ అది.

కొత్తగా వినేవాళ్లు రెండు, ఐదు, ఎనిమిది పాటలతో మొదలుపెట్టండి. ఏడోది రెండో పాటకే రీమిక్స్, డప్పు తీసేసి డ్రమ్ మెషీన్ పెట్టారు. దాటేయొచ్చు.