నాలుగంకెల కోడ్ కోసం మూగబోయిన స్టీరియో: ఏడేళ్ల వాడకం తర్వాత

హనుమకొండ నుంచి పరకాలకు రోజూ కారులో వెళ్లివచ్చే ఉద్యోగం నాది. ఉదయం ఆకాశవాణి వరంగల్ 103.5 పెట్టుకొని బయలుదేరడం ఏడేళ్ల అలవాటు. కారుతో పాటు వచ్చిన ఈ స్టీరియో ధ్వని విషయంలో నాకు లోటు కనిపించలేదు. నా కోపమంతా దాని దొంగతన రక్షణ కోడ్ మీదే. బ్యాటరీ కరెంటు ఒక్కసారి తెగితే చాలు, నాలుగంకెలు నొక్కేదాకా ఆ సెట్ పలకదు.

నిరుడు మే నెలలో, వాల్యూమ్ తగ్గిద్దామని తిప్పితే ధ్వని ఒక్కసారిగా పెరగడం మొదలైంది. ఒక దుకాణంలో చూపించి, ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీయమన్నాను. “ఏం కాదు సార్, రెండు నిమిషాల పని” అంటూ మెకానిక్ సెట్‌ను బయటికి లాగాడు. స్టేషన్లు, గడియారం చెరిగిపోకుండా ఉండేందుకు సెట్‌కు వచ్చే వైర్లలో ఒకదానిలో, తాళంచెవి తీసేసినా 12 వోల్టుల కరెంటు ఉంటుంది. స్క్రూడ్రైవర్ కొస ఆ వైరుకూ పక్కనున్న ఇనుప పట్టీకీ ఒకేసారి తగిలింది. చిటుక్కుమని మెరుపు, కాలిన వాసన, ఫ్యూజు పోయింది. 15 ఆంపియర్ల ఫ్యూజు స్థానంలో అతడు చేతికందిన 30 పెట్టబోతుంటే ఆపాను. పెట్టి ఉంటే ఈసారి ఫ్యూజుకు బదులు వైరే కాలేది.

సరైన ఫ్యూజు వేశాక తెర మీద కోడ్ అడిగింది. అతడు తోచిన అంకెలు మూడుసార్లు నొక్కేసరికి సెట్ పూర్తిగా బిగుసుకుపోయింది. ఎండలో గంటసేపు తాళంచెవి ఆన్‌లో ఉంచితే గానీ మళ్లీ నొక్కనివ్వలేదు. నేను కొన్నది సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి కోడ్ కార్డు నా దగ్గర లేదు. చివరికి సెట్ పక్కన అంటించిన సీరియల్ నంబరు, ఆర్‌సీ చూపితే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కోడ్ ఇచ్చారు.

నాబ్ అక్కడే బాగు చేయించాను. వారు కోడ్ రాసి ఉందో లేదో అడిగాకే పని మొదలుపెట్టి, 10 నంబరు స్పానర్‌తో నెగటివ్ వైరును ముందుగా తీశారు. అదే చివరగా బిగించారు. డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉంటాయి కనుక, బ్యాటరీ విప్పాక కొన్ని నిమిషాలు ఆగారు. కనెక్టర్లను వైరు పట్టి లాగకుండా, లాకు నొక్కి విప్పారు.

ఈ కోడ్ ఉంటే దొంగకు సెట్ పనికిరాదని మిత్రులకు గొప్పగా చెప్పేవాణ్ని. ఇప్పుడు కార్డు భద్రంగా ఉంటేనే అని చేర్చి చెబుతున్నాను. ధ్వని కూడా, కాస్త పెంచితే ఎడమ తలుపు స్పీకర్ గరగరమంటోంది. ఆ రోజు వైరు నలిగిందో, స్పీకరే పాతబడిందో చెప్పలేను. వార్తలు, పాత పాటలు చాలనుకునే నాకు దీన్ని మార్చాలని లేదు. ఫోన్ కలిపి గట్టిగా వినేవారికి ఇది నచ్చకపోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు మాత్రం డబ్బు చేతిలో పెట్టే ముందే ఆ కార్డు అడిగి తీసుకోండి.