కాగితాల్లో ఉన్న ఏడాదా, బండి కింద ఉన్న పార్టా?

అమెరికాలో పాత ఫోర్డ్ ఎఫ్-100 పికప్‌లకి 2003–2011 క్రౌన్ విక్టోరియా కారు ముందు సస్పెన్షన్ బిగించుకునేవాళ్లు చాలామంది. అలాంటి బండికి టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కీలు) కొనాలంటే రెండు దారులు.

కాగితాల్లోని ఏడాది చెప్పి ఆర్డర్ పెట్టడం సులువు. కానీ 1965 ఎఫ్-100 అంటే వచ్చేది ట్విన్ ఐ-బీమ్‌కి, అంటే దాని అసలు ముందు సస్పెన్షన్‌కి సరిపడేది. మీ బండికి ఇప్పుడున్నది క్రౌన్ విక్టోరియాతో వచ్చిన ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్.

పాత పార్టు విప్పి, అది ఏ కారుదో తేల్చుకుని, థ్రెడ్ (మర), టేపర్ (కాడ సన్నబడే వాలు) కొలిచి కొనడానికి టైం పడుతుంది. అయినా నా ఓటు దీనికే. బిగించాక కూడా ఒకసారి చూడండి: నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ రంధ్రం ఆ నట్టు దాటి పైకి వచ్చేస్తే టేపర్ సరిపోలేదని అనుమానించాలి. వాషర్లు వేసి సర్దకండి, స్టీరింగ్‌తో చెలగాటం వద్దు.