మొదటిసారి బరువులెత్తాలంటే: ఏసీ జిమ్మా, సందులో పాత జిమ్మా, ఇంట్లో డంబెల్సా?

జిమ్‌లో చేరాలని ఉంది గానీ లోపలికి పోవాలంటే భయం. ఈ మాట నాతో అన్నవాళ్లలో డిగ్రీ చదివే కుర్రాళ్లున్నారు, నలభై దాటిన ఉద్యోగస్తులున్నారు, ఇద్దరు పిల్లల తల్లి మా మేనకోడలూ ఉంది. చివరికి అందరూ అడిగేది ఒకటే. నెల్లూరులో ఎక్కడ మొదలుపెడితే ఇబ్బంది తక్కువ? మాగుంట లేఅవుట్ వైపు అద్దాల ఏసీ జిమ్‌లోనా, పాత పేటల సందుల్లో రేకుల కింద నడిచే జిమ్‌లోనా, లేదంటే ఈ గోలంతా వద్దనుకుని రెండు డంబెల్స్ కొనుక్కుని ఇంట్లోనా?

జవాబు మీ భయం దేని గురించో దాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువమంది పైకి చెప్పేది, నా ఒళ్లు చూసి నవ్వుతారేమోనని. ఇది వినడానికి పెద్దదే గానీ లోపల అంత బలమున్నది కాదు. కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 2000లో ఒక ప్రయోగం ప్రచురించారు. వేసుకోవడానికే సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు ఒక విద్యార్థికి తొడిగి, తోటి విద్యార్థులున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగంమంది తన టీషర్టు చూసి ఉంటారని ఆ విద్యార్థి అనుకున్నాడు. నిజంగా గమనించింది అందులో సగమే, అంటే నాలుగో వంతు. జిమ్‌లో ఆ నాలుగో వంతు కూడా అనుమానమే. అద్దం ముందు నిలబడి తన చేయి తానే తిప్పి తిప్పి చూసుకునేవాడికి పక్కవాడి పొట్ట ఎక్కడ కనపడుతుంది?

అసలు భయం వేరే ఉంది. మా మేనకోడలు దాన్ని సరిగ్గా చెప్పింది: "బరువు గురించి కాదు మామా, అక్కడికి పోయి ఏం చేయాలో తెలీక దిక్కులు చూస్తా నిలబడాలి కదా, అదీ టెన్షన్." కాబట్టి నేను జిమ్‌లను తూచేది ఒక్క దాంతోనే. తెలియనివాడికి అక్కడ తెలియజెప్పేవాళ్లున్నారా, అడగడానికి వీలుందా? అద్దాలు, పాటలు, ఏసీ అన్నీ ఆ తర్వాతే.

ఇంట్లో డంబెల్స్ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. చూసేవాళ్లుండరు, డబ్బు ఒకసారి పెడితే చాలు, వానొచ్చినా ఎండొచ్చినా ఆగదు. కానీ కాళ్లూ నడుమూ పెద్ద కండరాలు. భుజానికి బరువనిపించే డంబెల్ కాళ్లకు కొన్ని వారాల్లోనే తేలికైపోతుంది. ఆపైన బరువు పెంచడానికి ఇంట్లో ఏమీ ఉండదు. తప్పు చేస్తే చెప్పేవాళ్లూ ఉండరు. అపార్ట్‌మెంట్ అయితే కింది ఇంటివాళ్ల ఫోన్ ఒకటి. చాలా ఇళ్లలో ఆ డంబెల్స్ చివరికి గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికే పనికొస్తాయి.

అయితే జిమ్‌కు పోయే ముందు రెండు మూడు వారాలు ఇంట్లో చేస్తే మటుకు చాలా లాభం. దానికి డంబెల్ కూడా అక్కర్లేదు. ఒక చీపురు కర్ర తీసుకుని వీపు వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల మధ్య, నడుం కింద తోకెముక దగ్గర, ఈ మూడు చోట్లా కర్ర తగలాలి. ఇప్పుడు మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులు వెనక్కి నెడుతూ ముందుకు వంగండి. మూడింట్లో ఏ ఒక్కచోట కర్ర వీడినా నడుం గుండ్రంగా అయిందనో, తల పైకెత్తారనో అర్థం. డెడ్‌లిఫ్ట్ అంటే ప్లేట్లు తగిలించిన ఇనుప బార్‌ను నేల మీదనుంచి లేపడం, అందులో సగం పాఠం ఇదే. కుర్చీ అంచును తాకి లేవడం స్క్వాట్‌కు, అంటే బరువుతో కూర్చుని లేవడానికి, మొదటి మెట్టు. ఈ రెండూ ఒంటికి అలవాటైతే జిమ్‌లో మొదటిరోజు మీరు పూర్తిగా కొత్తవాళ్లు కారు.

ఇక అసలు పోటీ ఏసీ జిమ్‌కూ పాత జిమ్‌కూ మధ్యనే.

ఏసీ జిమ్‌లో మెషీన్లు వరసగా ఉంటాయి. ఏ కండరానికో తెలిపే బొమ్మ మెషీన్ మీదే ఉంటుంది, సీటు ఎత్తు మార్చుకుని, కావాల్సిన బరువు దగ్గర పిన్ను పెట్టుకుంటే చాలు. చేయి అటూ ఇటూ పోనివ్వదు కాబట్టి మొదటి వారం ధైర్యం వస్తుంది. ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గది, లాకరు, తోడుగా ఇంకో నలుగురు ఆడవాళ్లు ఉండే అవకాశం ఇక్కడే ఎక్కువ. ఇవి చిన్న విషయాలు కావు.

ఇబ్బందులూ ఉన్నాయి. అడుగు పెట్టగానే కౌంటర్ దగ్గర ఏడాది ప్యాకేజీ గురించి చెబుతారు, ఈరోజే కడితే ఆఫరంటారు. భయంతో వచ్చిన మనిషికి కాదనడం చేతకాదు. ఏడాదికి కట్టేసి రెండో నెలలో మానేసేవాళ్ల డబ్బుతోనే సగం జిమ్‌లు నడుస్తాయని నా అనుమానం. మొదటిరోజు మెషీన్లన్నీ గబగబా చూపించిన ట్రైనర్, మర్నాటి నుంచి పర్సనల్ ట్రైనింగ్ కట్టినవాళ్ల వెనకే ఉంటాడు. అప్పుడు కొత్తవాడు చేసే పని ఒకటే, ట్రెడ్‌మిల్ ఎక్కడం. అక్కడ ఎవరూ ఏమీ అనరు. కొందరు నెలల తరబడి దాని మీదనుంచి దిగరు. బరువుల వైపు చూస్తూ నడుస్తుంటారు, అంతే. నడవడానికైతే ఊళ్లో ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియం ఉండనే ఉంది.

ఈ మధ్య ఇంకోటి కూడా తోడైంది. ట్రైపాడ్ మీద ఫోన్ పెట్టి రీల్స్ తీసుకునేవాళ్లు. వెనక అవస్థ పడుతున్న మనం కూడా ఆ వీడియోలో పడతాం. చేరే ముందే వీడియోలకు ఒప్పుకుంటారా అని అడిగి తెలుసుకోవడంలో తప్పేం లేదు.

పాత జిమ్ చూడగానే భయపెడుతుంది. రేకుల పైకప్పు, గోడ మీద ఆంజనేయస్వామి పటం, కింద అగరొత్తి, తుప్పు పట్టిన ప్లేట్లు, ప్లాస్టిక్ కుర్చీలో మాస్టర్. బార్ కింద ఉన్నవాడు అరిస్తే వీధిలోకి వినపడుతుంది. బయటినుంచి చూసి వెనక్కి పోయేవాళ్లే ఎక్కువ.

లోపలికి పోతే కథ వేరే. చోటు చిన్నది కాబట్టి మాస్టర్ కళ్లు అందరి మీదా ఉంటాయి. మీరు బార్ మీదికి వంగీ వంగకముందే ఆ చివరనుంచి కేక వస్తుంది: "ఏందబ్బయ్యా, నడుం వంచతా ఉండావు? రొమ్ము ఎత్తు!" నలుగురూ తిరిగి చూస్తారు. మొదటిసారి ప్రాణం చచ్చిపోయినట్టుంటుంది, నిజమే. కానీ ఏసీ జిమ్‌లో విడిగా డబ్బు కట్టి చెప్పించుకునే మాట ఇదే, ఇక్కడ ఊరికే దొరికింది. రెండో వారానికి ఆ కేక ఇంకో కొత్తవాడి మీదికి పోతుంది. అందరికంటే భయంకరంగా కనపడే మనిషే సాధారణంగా మీ బార్ వెనక వచ్చి నిలబడి, "ఇంకొక్కటి లేపు, నేనుండా" అంటాడు. ఆయనా ఎప్పుడో ఇలాగే వచ్చినవాడే.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. అక్కడ ఏసీ హాళ్లేం లేవు, బార్ ఉంది, చెప్పేవాళ్లున్నారు.

పాత జిమ్‌ను నెత్తిన పెట్టుకోవాలని నా ఉద్దేశం కాదు. చాలా చోట్ల ఆడవాళ్ల మాటే ఉండదు. బాత్రూం గురించి అడగకపోవడం మంచిది. మాస్టర్ మాటల్లో పాతకాలపు చాదస్తాలూ కలిసి ఉంటాయి. మర్నాడు మెట్లు దిగలేకపోతేనే పని చేసినట్టని నమ్మేవాళ్లున్నారు. కొత్తలో ఒకటి నుంచి మూడు రోజుల దాకా నొప్పులు మామూలే, అయితే దాన్ని లక్ష్యంగా పెట్టుకోకూడదు. ప్రోటీన్ డబ్బాలు అంటగట్టే అలవాటు రెండు రకాల జిమ్‌లలోనూ ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పింది. గుడ్లు, పప్పు, పెరుగు, మన చేపలు ఉండగా కొత్తవాడికి డబ్బా దేనికి? ఇక ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాటెత్తితే ఆరోజే మానేయండి.

ప్లేట్ల దగ్గర తెలుసుకోవాల్సినది ఒకటుంది. పాత జిమ్‌లో భయం పుట్టేదీ పోయేదీ అక్కడే. ర్యాక్ (బార్ పెట్టే స్టాండు) మీదున్న బార్ నుంచి ఒకవైపు ప్లేట్లన్నీ తీసేసి, తర్వాత రెండోవైపు తీద్దామనుకుంటారు కొత్తవాళ్లు. బరువు ఎక్కువుంటే మిగిలిన వైపు బార్ ఒక్కసారిగా ఒరిగిపోయి, ఖాళీ కొస పైకి ఎగురుతుంది. అందుకే ఎక్కించేటప్పుడైనా దించేటప్పుడైనా ఇటొకటి అటొకటి. ప్లేట్లు జారకుండా చివర క్లిప్పులు పెట్టాలి. అయిపోయాక ప్లేట్లు ఎక్కడివక్కడ సర్దాలి. బరువెత్తేవాడికీ అద్దానికీ మధ్య నడవకూడదు. బెంచ్ ఖాళీ లేకపోతే "అన్నా, ఇంకెన్ని సెట్లున్నాయి?" అని అడగాలి (సెట్ అంటే ఆపకుండా చేసే ఒక విడత). "మధ్యలో నువ్వూ చెయ్యి" అనే జవాబే ఎక్కువసార్లు వస్తుంది. ఇవన్నీ తెలిసినవాడిని ఎవరూ కొత్తవాడిగా చూడరు, ఎత్తేది ఖాళీ బారే అయినా.

ఎక్కడ అన్నదానికంటే ఎప్పుడు అన్నది కొన్నిసార్లు ముఖ్యం. బాగా వచ్చిన పని నలుగురి ముందు ఇంకా బాగా చేస్తామనీ, రాని పని నలుగురి ముందు ఇంకా తడబడతామనీ రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్టు 1965లోనే రాశాడు. కాబట్టి కిక్కిరిసిన వేళ నేర్చుకోవడానికి పోవడం కోరి కష్టం తెచ్చుకోవడమే. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది, ఈ రెండూ వదిలేయండి. తెరిచిన వెంటనే అయిదింటికి, లేదా పొద్దున తొమ్మిది దాటాక పోతే మాస్టర్ మీకోసమే ఉన్నట్టుంటుంది. మధ్యాహ్నం మూడింటికి ఏ జిమ్ అయినా ఖాళీనే గానీ, మే నెలలో నెల్లూరు ఎండకు రేకుల కింద బరువులెత్తమని పగవాడికి కూడా చెప్పలేం. ఆ ఎండాకాలం మధ్యాహ్నం వేళకు ఏసీ జిమ్‌దే గెలుపు, వాదన లేదు.

రోజు కూడా చూసుకోండి. సోమవారం సాయంత్రం లోకంలో మగాళ్లంతా ఛాతీ చేస్తారు, బెంచ్ దగ్గర రేషన్ షాపు క్యూ ఉంటుంది. గురువారం చేరి, కాళ్లతో మొదలుపెట్టండి. స్క్వాట్ ర్యాక్ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది పాపం. వారానికి రెండు రోజులైనా కండరాలకు పని పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో ఉంది. కొత్తవాళ్లకు రెండు మూడు రోజులు బాగా సరిపోతాయి, ఆరు రోజులూ పోవాలని లేదు.

కనిగిరిలోనో పొదిలిలోనో కావలిలోనో ఉండేవాళ్లకు ఇంత ఎంపిక ఉండకపోవచ్చు. అక్కడి భయం కూడా వేరే రకం. జిమ్‌లో అందరూ తెలిసినవాళ్లే. సారు స్క్వాట్ చేస్తుంటే పక్కన సారు దగ్గర టెన్త్ చదివిన కుర్రాడు రెట్టింపు బరువు ఎత్తుతుంటాడు. దీనికి మందు వేళ మార్చుకోవడం ఒకటి, ఆ కుర్రాడినే అడగడం ఇంకోటి. రెండోదే మంచిదని నేనంటాను. సారుకు నేర్పే అవకాశం వస్తే ఏ కుర్రాడైనా శ్రద్ధగా నేర్పుతాడు.

తోడు తీసుకుపోవాలా? మీలాగే కొత్తవాడైతే తీసుకుపోండి, ఇద్దరూ నవ్వుకుంటారు. ఎన్నాళ్లుగానో చేస్తున్న స్నేహితుడితో జాగ్రత్త. తన బరువులే మీచేతా ఎత్తించి మూడో రోజుకు మంచాన పడేస్తాడు.

నా తీర్పు ఇది. నేర్పే మాస్టర్ ఉన్న పాత జిమ్ దగ్గర్లో ఉంటే, రద్దీ లేని వేళలో, నెల నెలా కట్టే పద్ధతిలో అక్కడే చేరండి. భయం పోవడానికి అంతకంటే దగ్గర దారి లేదు. ఆడవాళ్లకు అక్కడ విడిగా టైం లేకపోతే ఏసీ జిమ్ మేలు. మా మేనకోడలు పిల్లలను బడికి పంపాక అక్కడికే పోతుంది. కాకపోతే మెషీన్లతో మొదలుపెట్టినా నెల తిరక్కముందే బార్ దగ్గరికి పోవాలి, ట్రెడ్‌మిల్ మీద కాపురం పెట్టకూడదు. బీపీ, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ఏ జిమ్ అయినా ముందు డాక్టర్‌ను అడగాలి.

రెండింట్లో ఏదీ తేల్చుకోలేకపోతే, డబ్బు కట్టకుండా రెండుచోట్లకూ ఒకసారి పోయి ఒకే ప్రశ్న అడగండి: "ఈ బార్ ఎంత బరువుంటుంది?" పెద్ద ఒలింపిక్ బార్ 20 కిలోలు, ఆడవాళ్ల పోటీ బార్ 15. మామూలు సన్న బార్లు అంతకంటే చాలా తేలిక, ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. ఎవరైతే విసుక్కోకుండా లేచి వచ్చి, ఇది ఇంత, అది అంత అని చూపించి, మీ చేతికిచ్చి పట్టుకోమంటారో అక్కడ కట్టండి.